పదిహేడు వందల గ్రాముల కుర్చీ

(ఇంటీరియర్ డిజైన్ విద్యార్థులు, పాత ఫర్నిచర్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు కూర్చున్న ఒక సభలో, హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా అక్కడక్కడా మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారం. ఇటాలియన్ ఫర్నిచర్ గురించి ఒక గంట మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మన ఊళ్లో చాలామందికి షోరూముల్లో పెట్టే సోఫా సెట్లు గుర్తొస్తాయి. బంగారు పూత కాళ్లు, మెరిసే వెల్వెట్టు, నలుగురు పట్టినా కదలని బరువు. నేను వాటి జోలికి పోను. ఒక మనిషి గురించి, ఆయన గీసిన ఒక కుర్చీ గురించి చెప్తాను. మిగతావి దారిలో తగిలితే చూద్దాం.

మనిషి పేరు జో పోంటి. మిలాన్ ఊరివాడు. 1891లో పుట్టాడు, 1979లో పోయాడు. కుర్చీ పేరు సూపర్‌లెజ్జేరా, 'మహా తేలికైనది' అని అర్థం. కస్సీనా అనే కంపెనీ 1957లో 699 నంబరు ఇచ్చి దీన్ని బయటికి తెచ్చింది. బరువు 1.7 కిలోలు.

ఆ బరువు దగ్గర కాస్త ఆగుదాం. మీ ఇంట్లో టేకు డైనింగ్ కుర్చీ ఉంటే ఐదారు కిలోలకు తక్కువ ఉండదు. షామియానా వాళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఆటోలో తెచ్చే ప్లాస్టిక్ కుర్చీ కూడా రెండు కిలోల పైమాటే. అది అచ్చులో పోసిన ప్లాస్టిక్. ఇదేమో చెక్క, పేము. పెద్దమనిషి కూర్చునే పూర్తి ఎత్తు కుర్చీ, 83 సెంటీమీటర్లు. అయినా ప్లాస్టిక్ దానికంటే తేలిక. చెక్క పని తెలిసినవాళ్లకి ఇక్కడే అనుమానం రావాలి. ఇది నిలబడిందంటే ఎక్కడో లెక్క చాలా గట్టిగా వేసుండాలి కదా?

స్లైడ్ మార్చండమ్మా. ఇది అప్పటి ప్రచార ఫోటో. ఒక పిల్లాడు కుర్చీని ఒక్క వేలితో ఎత్తి పట్టుకున్నాడు. అందులో ట్రిక్కేమీ లేదు, నిజంగానే లేస్తుంది.

పోంటి కుర్చీల మనిషి అని మాత్రం అనుకోకండి. 1921లో మిలాన్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ పూర్తిచేశాడు. మొదట పేరొచ్చింది పింగాణీతో. రిచర్డ్ జినోరి కంపెనీకి పాత్రలు డిజైన్ చేశాడు, వాటికి 1925 పారిస్ ఎగ్జిబిషన్‌లో పెద్ద బహుమతి వచ్చింది. 1928లో 'దోముస్' అనే పత్రిక పెట్టాడు, అది ఇవాళ్టికీ వస్తోంది. లా పవోని వాళ్లకి కాఫీ మెషీన్ గీశాడు. ఆఫీసులు, హోటళ్లు, చర్చీలు, ఓడల లోపలి గదులు, గాజు దీపాలు, వాష్‌బేసిన్లు, దేన్నీ వదల్లేదు. పాలిటెక్నిక్‌లో పాతికేళ్లు పాఠం కూడా చెప్పాడు. ఇంత పని చేసేవాడికి నిద్ర ఎప్పుడు పట్టేదో తెలీదు.

ఈ కుర్చీ బయటికొచ్చేనాటికి ఆయనకి అరవై అయిదు. సరిగ్గా అప్పుడే మిలాన్ రైల్వే స్టేషన్ ఎదురుగా పిరెల్లి అనే టైర్ల కంపెనీ టవర్ లేస్తోంది. 127 మీటర్ల కాంక్రీటు భవనం, 1960లో పూర్తయింది. ఇంజనీరింగ్ చూసినవాళ్లలో పియెర్ లూయిజి నెర్వి ఒకడు. ఆ టవర్‌ని పైనుంచి చూస్తే రెండు చివర్లా సన్నబడి కొసదేలి ఉంటుంది. కుర్చీ కాళ్లు చూడండి, నేలకి చేరేసరికి అవీ కొసదేలతాయి. భవనమైనా కుర్చీ అయినా మొద్దుగా ఆగిపోవడం ఆయనకి గిట్టేది కాదు. పొద్దున టవర్ కాగితాలు, సాయంత్రం కుర్చీ కాలు మందం. రెండూ ఒకే చేతిలో నడిచాయి.

ఇప్పుడు అసలు కథకి వద్దాం. ఈ కుర్చీ రూపం పోంటి కనిపెట్టింది కాదు. ఆ మాట ఆయన ఎప్పుడూ దాచలేదు కూడా. ఇటలీలో జెనోవాకి తూర్పున సముద్రం ఒడ్డున కియావరి అని ఒక ఊరుంది. 1807లో ఆ ఊరి దొర స్తెఫానో రివరోలా పారిస్ నుంచి అప్పటి ఫ్యాషన్ కుర్చీ తెచ్చి, ఇలాంటిది చేయగలరా అని స్థానిక వడ్రంగులకి చూపించాడు. గయెతానో దెస్కాల్జి అనే వడ్రంగి దాన్ని తీసుకున్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ని కంపనీనో అని పిలిచేవాళ్లు. పారిస్ కుర్చీ బరువంతా తీసేసి, సన్న కడ్డీలతో, అల్లిన సీటుతో వేరే కుర్చీ చేశాడు. రాజుల ఇళ్లకి వెళ్లింది, యూరప్ అంతా తిరిగింది. తర్వాత ఆవిరితో వంచిన చెక్కతో ఫ్యాక్టరీల్లో చేసే చవక కుర్చీలు వచ్చాక కియావరి పనివాళ్లకి గిరాకీ తగ్గింది.

మీరు ఆ కుర్చీ మనవళ్లని చూసే ఉంటారు. మన కన్వెన్షన్ హాళ్లలో రిసెప్షన్‌కి వరసగా వేస్తారు చూడండి, బంగారు రంగు, సన్న కడ్డీల వీపు, పైన తెల్ల కుషన్. డెకరేషన్ వాళ్లు 'చియావరి చెయిర్' అంటారు. (నవ్వులు) అవును, ఆ ఊరి పేరే. ఇప్పుడవి ప్లాస్టిక్‌లో, ఇనుములో వస్తున్నాయి. కంపనీనో చూస్తే ఏమంటాడో గానీ, పేరు మాత్రం రెండు వందల ఏళ్లు దాటి మన పెళ్లిళ్ల దాకా వచ్చింది.

పోంటి 40ల చివర్లో ఆ కియావరి కుర్చీ పట్టుకున్నాడు. అప్పటి పరిస్థితి ఏమిటంటే, 1943 ఆగస్టులో మిలాన్ మీద బాంబులు పడ్డాయి. ఊళ్లో చాలా భాగం కూలిపోయింది. యుద్ధం అయ్యాక కట్టిన ఇళ్లు చిన్నవి. తిన్న బల్ల మీదే చదువు, కూర్చున్న గదిలోనే పడక. కుర్చీ అక్కణ్నుంచి ఇక్కడికి చేతితో అలా జరిగిపోవాలి. ఆయన దోముస్‌లో రాసింది కూడా అదే: విశేషణాలేవీ అంటించుకోని కుర్చీ కావాలి, కుర్చీ కుర్చీలా ఉండాలి. ఆధునికం, కళాత్మకం, హేతుబద్ధం, ఏ ముందు మాటా వద్దు.

మిలాన్‌కి ఉత్తరాన బ్రియాంజా ప్రాంతంలో మేదా అనే ఊళ్లో కస్సీనా కుటుంబం వర్క్‌షాప్ ఉంది. అదంతా వడ్రంగుల సీమ. కస్సీనా వాళ్లు ఆ రోజుల్లో ప్రయాణికుల ఓడలకి ఫర్నిచర్ చేసి బాగా ఎదిగారు. డ్రాయింగ్ పోంటిది, చెయ్యి మేదా వాళ్లది. 1952 నాటికి 646 నంబరుతో ఒక కుర్చీ వచ్చింది, పేరు లెజ్జేరా, అంటే ఉత్త 'తేలిక'. చక్కటి కుర్చీ. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవాళ్లు. ఈయనకి తృప్తి లేదు. ఇంకో అయిదేళ్లు తగ్గిస్తూ పోయాడు.

తగ్గించడం అంటే ఏమిటో మీకు చేతిలో పెట్టి చూపించాలని ఇది తెచ్చాను. ఇది కుర్చీ కాదు, అదే కొలతలతో నేను చేసిన కాలు ముక్క. యాష్ అనే చెట్టు చెక్క. అలా ముందు వరస నుంచి వెనక్కి పంపండి. గుండ్రంగా లేదు, చతురస్రం కాదు. మూడు పలకలు. మందం 18 మిల్లీమీటర్లు, మీ బొటనవేలి కంటే సన్నం. త్రికోణం ఎందుకంటే, నాకు అర్థమైనంత వరకు రెండు కారణాలు. ఒకటి, అడ్డకర్ర వచ్చి గుచ్చుకునే వైపు పలక వెడల్పుగా దొరుకుతుంది, మిగతా చోట చెక్క పోతుంది. రెండోది కంటికి సంబంధించింది. వెలుతురు పడినప్పుడు ఒక పలక తెల్లగా, పక్కది నీడగా కనిపించి, ఉన్నదానికంటే ఇంకా సన్నగా అనిపిస్తుంది. పోంటికి ఈ రెండో కారణమే ఎక్కువ ముద్దు అని నా అనుమానం.

యాష్ ఎందుకన్నది కూడా చెప్పాలి. పశ్చిమ దేశాల్లో గొడ్డలి పిడికి, పడవ తెడ్డుకి, బేస్‌బాల్ బ్యాట్‌కి ఈ చెక్కే వాడారు. దెబ్బ పడితే తట్టుకుంటుంది, వంగి మళ్లీ నిలబడుతుంది. కానీ ఒక షరతు. నార నిలువునా తిన్నగా సాగాలి. 18 మిల్లీమీటర్ల కాలులో నార అడ్డంగా పక్కకి జారిపోయిందా, అక్కడే విరుగుతుంది. అంటే దుంగలోంచి ఏ ముక్క కోయాలో ఎంచుకోవడంలోనే సగం కుర్చీ తయారవుతుంది. ఇది యంత్రం చూడలేదు, వడ్రంగి కన్ను చూడాలి. ఫ్యాక్టరీ కుర్చీ అని చెప్పుకున్నా దీని గుట్టు మేస్త్రీ దగ్గరే ఉంది.

ఇంకోటి చూడండి. వెనక కాళ్లు పైకి సాగి వీపు అవుతాయి కదా, అక్కడ సగంలో వెనక్కి చిన్న వంపు ఉంటుంది. పక్కనుంచి చూస్తే గానీ తెలీదు. ఆ వంపే లేకపోతే నిటారుగా కూర్చోబెట్టి శిక్షించేది ఈ కుర్చీ. నాలుగో అంతస్తు నుంచి కింద పడేస్తే బంతిలా ఎగిరింది గానీ విరగలేదని ఒక కథ చెప్తారు. మీరెవరూ ప్రయత్నించకండి, దాని ధర మీకు తెలీదు.

సరే, ధర అన్నాను కాబట్టి రెండో సంగతిలోకి వెళ్దాం. పాత కుర్చీలు కొనే లోకం.

విచిత్రం ఏమిటంటే సూపర్‌లెజ్జేరా ఆగిపోయిన మోడల్ కాదు. కస్సీనా ఇవాళ్టికీ చేస్తోంది. డబ్బుంటే కొత్తది తెప్పించుకోవచ్చు. అయినా 50లు, 60ల నాటి ముక్కల వెంట పడేవాళ్లున్నారు. ఎందుకు? చెక్క రంగు మారిన తీరు, అప్పటి అల్లిక, అప్పటి చేతిపని. ఇవి సరైన కారణాలే. కానీ మార్కెట్‌లో నడిచేది ఎక్కువగా పేరు. అసలు విశేషణమే వద్దన్న మనిషి కుర్చీకి ఇప్పుడు ముందూ వెనకా విశేషణాలే: వింటేజ్, ఒరిజినల్, రేర్, ఐకానిక్. రేటు పెరగడానికి ఒక్కో మాటా ఒక్కో మెట్టు.

పోంటి పేరుతో ఇంకో పెద్ద చిక్కుంది. ఆయన హోటళ్లకి, ఆఫీసులకి, ఓడలకి పనిచేశాడు. నేపుల్స్‌లో రాయల్ హోటల్, సొర్రెంతోలో పార్కో దెయ్ ప్రించిపి, ఇలాంటివి. హోటళ్లు మరమ్మతు చేసుకున్నప్పుడు పాత మంచాలు, కుర్చీలు గంపగుత్తగా బయటికి పోతాయి. పోంటి సామాన్లలో మంచి భాగం వేలంలోకి ఇలాగే వచ్చింది. దాంతో, సన్న కాళ్లున్న ప్రతి 50ల ఇటాలియన్ కుర్చీకీ ఆయన పేరు తగిలించడం మొదలైంది. కేటలాగులో 'పోంటి' అని ఉంటే ఒక లెక్క, 'పోంటిదిగా భావిస్తున్నారు' అంటే ఇంకో లెక్క, 'పోంటి శైలిలో' అంటే అసలు ఆయనకి సంబంధమే లేదని లెక్క. ఈ మూడింటి మధ్య తేడా లక్షల్లో ఉంటుంది. జో పోంటి ఆర్కైవ్స్ అని ఆయన కాగితాలు చూసుకునే సంస్థ ఉంది. ముక్క పరిశీలించి పత్రం ఇస్తారు. ఖరీదైన ముక్క కొనేటప్పుడు ఆ పత్రం అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

ఇంకో తికమక, రీఎడిషన్లు. మొల్తేని కంపెనీ 2012 నుంచి ఆయన పాత డిజైన్లు అనుమతితో మళ్లీ చేస్తోంది. 1953లో తన సొంత ఇంటికి గీసుకున్న చేతుల కుర్చీ కూడా అందులో ఉంది. బాగా చేశారు, తప్పేమీ లేదు. కానీ పదేళ్లు వాడిన రీఎడిషన్ ఫోటోలో చూస్తే పాతదానిలాగే కనిపిస్తుంది.

ఇది వాళ్ల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? చండీగఢ్ గుర్తు తెచ్చుకోండి. అక్కడి ఆఫీసులకి పియెర్ జానెరె అనే స్విస్ ఆర్కిటెక్ట్ ఆధ్వర్యంలో టేకు, పేముతో చేయించిన కుర్చీలు విరిగిపోయాక డాబాల మీద గుట్టలుగా పోశారు, తుక్కు కింద వేలం వేశారు. తర్వాత అవే పారిస్, లండన్, న్యూయార్క్ వేలాల్లో లక్షల రూపాయలకి వెళ్లాయి. తుక్కు అన్నది మనమే, వింటేజ్ అన్నది వాళ్లు. కుర్చీ మాత్రం అదే.

ఇక చేతికి దొరికిన ముక్కని ఎలా చూడాలో చెప్తాను. విద్యార్థులకి ఇది పనికొస్తుంది. ముందు కుర్చీని తలకిందులు చేయండి. పైనుంచి ఎవడైనా పాలిష్ కొట్టి మోసం చేయగలడు, కింద ఎవరూ కష్టపడరు. అరవై ఏళ్లు జనం కూర్చున్న పేము పైన ముదురు తేనె రంగుకి వస్తుంది, మెరుస్తుంది. కింద మాసి, పొడిబారి ఉంటుంది, సందుల్లో దుమ్ము గట్టిపడి ఉంటుంది. పైనా కిందా ఒకే రంగులో ఉంటే కొత్త అల్లిక, లేదా టీ డికాక్షన్ లాంటిదేదో పూసిన అల్లిక. కాళ్ల కొసలు చూడండి. నేల మీద ఈడ్చిన కాలు అరిగి గుండ్రబడుతుంది, నాలుగూ ఒకేలా అరగవు. నాలుగూ పదునుగా ఉంటే ఎవరో కోసి సమం చేశారని అర్థం, ఎత్తు కొలిచి చూసుకోండి. చిన్న చిన్న గుండుసూది బెజ్జాలుంటే పుచ్చు పురుగు. గోరుతో కొట్టండి, పిండి రాలితే పురుగు ఇంకా లోపలే ఉంది. దాన్ని ఇంట్లోకి తీసుకెళ్లొద్దు, మీ మిగతా సామాను కూడా పోతుంది.

ఆ తర్వాత కీళ్లు. నా దగ్గరికి ఒకాయన విదేశంలో కొన్న సూపర్‌లెజ్జేరా తెచ్చాడు, నల్ల లక్కర్ పూతది. పక్క అడ్డకర్ర వదులైతే ఎవరో వడ్రంగి మంచి మనసుతోనే ఇనుప స్క్రూ బిగించాడు. తేలిగ్గా బిగిసింది, ఆర్నెల్లలో కాలు నిలువునా చీలింది. పద్దెనిమిది మిల్లీమీటర్ల చెక్కలో స్క్రూకి చోటెక్కడుంది? కుసి, అంటే కాలి బెజ్జంలో దూరే అడ్డకర్ర కొస, విప్పి, పాత జిగురు గీకి, కొత్త జిగురు పెట్టి, తాడుతో బిగించి ఆరబెట్టాలి. ఓపిక తప్ప ఖర్చు లేని పని. చీలిక అతికించాను గానీ పూత కింద సన్న గీత కనిపిస్తూనే ఉంటుంది. కనిపించనీ అన్నాను. దాన్ని నల్ల రంగుతో కప్పి ఇంకొకరికి అమ్మడం నాకు నచ్చదు.

ఇక్కడ వేరే రకం కుర్చీ గురించి ఒక మాట. అదే మిలాన్‌లో మార్కో జానూజో అనే ఇంకో డిజైనర్ ఉండేవాడు, పోంటి కంటే పాతికేళ్లు చిన్న. 1951లో ఆర్‌ఫ్లెక్స్ కంపెనీకి 'లేడీ' అని చేతుల కుర్చీ చేశాడు. ఆ ఏడాది మిలాన్ త్రియెన్నాలే అనే డిజైన్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అందులో స్ప్రింగుల్లేవు. పిరెల్లి వాళ్ల ఫోమ్ రబ్బరు, దాని కింద సాగే రబ్బరు పట్టీలు. మన నవారు మంచం లాంటి ఆలోచనే, నూలు బదులు రబ్బరు. ఆ రోజుకి అది మహా కొత్త. కానీ రబ్బరుకి ఆయుష్షు ఉంది. పాత ఫోమ్ గట్టిపడి, పెళుసై, చివరికి పొడిగా రాలిపోతుంది. కాబట్టి మీరు కొన్న 'ఒరిజినల్ లేడీ'లో ఫోమ్ మార్చి, పట్టీలు మార్చి, బట్ట మార్చి ఉంటే మిగిలేది చట్రం, కాళ్లు. అది ఒరిజినలేనా? నా జవాబు, ఔను. కూర్చోడానికి చేసిన వస్తువు కూర్చునేలా ఉండాలి. వేలంవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. చిరిగినా సరే, మొదటి బట్ట ఉంటే ఎక్కువ ఇస్తామంటారు.

సూపర్‌లెజ్జేరా పేము విషయంలోనూ ఇదే గొడవ. మొదటి అల్లిక ఉంటే ధర ఎక్కువ. అందుకని చాలామంది తెగిన సీటు అలాగే ఉంచి, గోడ వారగా పెట్టి, 'ఎవరూ కూర్చోకండి' అని పిల్లల్ని కసురుతుంటారు. నాకు ఇది బొత్తిగా మింగుడు పడదు. నా సలహా ఏమిటంటే, పాత అల్లికని నాలుగు వైపులా ఫోటోలు తీయండి, పట్టీ వెడల్పు కొలవండి, ఒక ముక్క కవరులో పెట్టి దాచండి. తర్వాత మంచి పనివాడితో మళ్లీ అల్లించి కూర్చోండి. సీటు అల్లిక తెగి ఉంటే సన్న చట్రానికి కూడా మంచిది కాదు, ఇంత తేలిక కుర్చీలో ఆ అల్లిక కూడా పక్కకర్రల్ని పట్టి ఉంచుతుంది.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఇక్కడి పేము పనివాళ్లు దీన్ని అల్లగలరా?)

అల్లగలరమ్మా, చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. రెండు జాగ్రత్తలు చెప్పండి. పట్టీ సన్నగా ఉండాలి, మన కుర్చీలకి వాడే వెడల్పు పట్టీ వేస్తే ముఖమే మారిపోతుంది. రెండోది, బిగింపు. పేము నానబెట్టి అల్లుతారు, ఆరాక అదే బిగుసుకుంటుంది. మన టేకు చట్రం మీద లాగినట్టు దీన్ని లాగితే పక్కకర్రలు లోపలికి వంగిపోతాయి. కొంచెం వదులుగా అల్లమని చెప్పి, దగ్గర కూర్చుని చూసుకోండి.

(ఇంకొకరు: కాపీ కొనొచ్చా? ఆన్‌లైన్‌లో చాలా తక్కువకి వస్తున్నాయి.)

కాపీలో కాలు సన్నగా చేయడానికి భయపడతారు బాబూ. అందుకని లావు చేస్తారు, లావు చేయగానే ఈ కుర్చీ ఉండదు. బరువు అడగండి. మూడు కిలోలు అన్నారంటే ఫోన్ పెట్టేయండి. ఆ డబ్బుతో మన ఊరి పాత పేము కుర్చీ కొని బాగుచేయించుకుంటే అంతకంటే మంచి వస్తువు ఇంట్లో ఉంటుంది.

(మరొకరు: ఏసీ గదిలో పెడితే పేము పాడవుతుందా?)

ఎండిపోతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, కిటికీ ఎండలో పెట్టొద్దు. నెలకోసారి తడి పిండేసిన బట్టతో అడుగు వైపు నుంచి తుడవండి. పై వైపు నిగనిగలాడే పొర నీళ్లు పీల్చదు, అడుగు పీలుస్తుంది. తుడిచాక ఆరేదాకా ఎవర్నీ కూర్చోనివ్వకండి, తడి పేము సాగి జారిపోతుంది. నూనె, వార్నిష్ అసలు వద్దు.